పలకని రింగు

పోయిన ఆదివారం పొద్దున పుప్పాలగూడలోని మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కారు ముందు చక్రం గాలి లేక నేలకు అతుక్కుపోయి ఉంది. మా అమ్మాయి ఫోనులో ఏదో నొక్కింది. పావుగంటలో ఒక యువకుడు బండి మీద చిన్న గాలి మిషను పెట్టుకొని వచ్చాడు. టైరులో దిగిన మేకు లాగేసి, ఆ రంధ్రంలోకి రబ్బరు పుల్ల దూర్చి, పైపు తగిలించాడు. తగిలించి, చక్రానికి సరిగ్గా ఎదురుగా గొంతుక్కూర్చొని ఫోను చూసుకోసాగాడు. మిషను డబడబా కొట్టుకుంటోంది.

"పక్కకు జరుగు! ముందర కూర్చోకు!" అని అరిచాను.

సెల్లారంతా నా గొంతే మోగింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆ యువకుడు బిత్తరపోయి లేచి నిలబడి, అంతలోనే నవ్వాడు. "ఏం గాదు మేడం. కారు టైరే గద. దీనికి రింగులు గింగులు ఉండవు."

రింగు అన్న మాట వినగానే నేనే రెండడుగులు పక్కకు జరిగాను. మా అమ్మాయి పైకి వచ్చాక, "నలుగురిలో ఎందుకమ్మా అట్లా అరిచావ్?" అని అడిగింది. చెప్పాలంటే ఒక ఎండాకాలమంతా చెప్పాలి.

ఇప్పుడు అద్దాల మేడలు వరసగా నిలబడ్డ మా వీధి చివరి రోడ్డు పక్కనే నా చిన్నప్పుడు మా రేకుల షెడ్డు ఉండేది. ముందు సగం నాయిన టైర్ల పని, వెనక సగం మా ఇల్లు. మధ్యలో ఒక గోనె పరదా. పాలమూరు నుంచి వచ్చి, హైవే మీద ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకొని, నాయిన ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. షెడ్డు వెనక అంతా గుట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నల్లటి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, కింద వంపులో ఈత చెట్లు. మేడలు కట్టడానికి ఆ గుట్టలను పేల్చి, రాయిని టిప్పర్లలో మోసుకుపోయేవారు. పదునైన రాళ్ల మీద నడిచే ఆ టిప్పర్ల టైర్లే మాకు తిండి పెట్టేవి.

ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎండకు కాగిన రబ్బరు, ప్యాచీకి పూసే సొల్యూషను, ట్యూబులు ముంచే తొట్టిలోని మురుగునీళ్లు, వాటన్నిటి మధ్య నుంచి అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన. రొట్టె, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు. మధ్యాహ్నం నాయినమ్మ కొంగు నిండా ఈతపండ్లు ఏరుకొచ్చేది. వాటి మీద కూడా రాతి దుమ్ము ఉండేది. ఎంత కడిగినా పండు కొరికితే పంటి కింద కసకసమనేది.

రోజుకు రెండుసార్లు పేల్చేవారు. ముందు ఎర్రజెండా మనిషి వచ్చి, వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో టంగుటంగుమని ఆగకుండా కొట్టేవాడు. రోడ్డు మీద బండ్లు ఆగిపోయేవి. కూలోళ్లు ఎక్కడి పని అక్కడ వదిలి పరుగెత్తేవారు. మేము పాత టైర్ల గుట్ట వెనక దూరేవాళ్లం. నాయినమ్మ నా తలను ఒళ్లో దాచుకొని, "ఇంకొక్కటి, ఇంకొక్కటే" అంటూ ఉండేది. ఒకసారి నేల కింద నుంచి ఎవరో తన్నినట్టు ఎగిరేది. తర్వాత రేకుల మీద రాళ్లు పడేవి. పెద్దది పడితే రేకు సొట్టపోయేది. రాళ్లు పడడం ఆగాక నాయినమ్మ నా తల మీది దుమ్ము దులుపుతూ, "కొండలను కూలగొట్టి ఇండ్లు కడ్తరట. గా ఇండ్లల్ల నిద్రెట్ల పడ్తదో" అనేది.

అయినా నాకు గుట్ట పేల్చేటప్పటి కంటే నాయిన గాలి నింపేటప్పుడే ఎక్కువ భయం.

టిప్పరు చక్రం విప్పడం పెద్ద కుస్తీ. పానాకు ఇనుప పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడి ఊగితే గాని బోల్టు కదిలేది కాదు. చక్రాన్ని దొర్లించుకొచ్చి పడుకోబెట్టాక, మొట్టమొదట వాల్వులోని చిన్న పిన్ను తీసేవాడు. లోపలి గాలంతా బుస్సుమని పోయేది. పూర్తిగా పోయిందో లేదో తడి వేలు పెట్టి చూసేవాడు. ఆ తర్వాత పెద్ద సుత్తె పట్టుకొని చుట్టూ తిరుగుతూ, తుప్పుతో అతుక్కున్న టైరు అంచును కొట్టి కొట్టి కిందికి దించేవాడు. అంచు దిగాక రెండు ఇనుప కడ్డీలు సందులో పెట్టి, ఒకదాన్ని మోకాలితో అదిమి, రెండోదానితో చక్రం అంచు గాడిలో బిగిసిన ఇనుప రింగును కొద్దికొద్దిగా లేపేవాడు. చివరికి అది గాడిలోంచి ఠంగుమని బయటికి వచ్చేది. అప్పుడు గాని టైరు ఊడిరాదు.

లారీ టైరును చక్రం మీద పట్టి ఉంచేది ఆ రింగే. అది గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా, ఎక్కడైనా పగులున్నా, గాలి నిండే కొద్దీ లోపలి నుంచి ఒత్తి ఒత్తి, ఒక్కసారి ఎగిరిపోతుంది. దాని ముందు మనిషి ఉంటే అంతే. అందుకే నాయిన ప్రతి రింగునూ కొక్కేనికి తగిలించి, చిన్న పానాతో కొట్టి వినేవాడు. మంచి రింగు ఖంగుమని పలికి, కాసేపు మోగుతూ ఉంటుంది. పగులున్నది పలకదు.

"గాలి కండ్లకు కానరాదు బిడ్డా. గని ఇనుమును గూడ ఎగరగొడ్తది. గందుకే దాని ముందట ఎన్నడు నిలవడొద్దు" అని చెప్పేవాడు. గాలి మిషను చప్పుడుకు తన చెవులు మొద్దుబారాయని, రింగు కొట్టినప్పుడల్లా నన్ను దగ్గరకు పిలిచి, "పల్కిందా?" అని అడిగేవాడు. నేను కళ్లు మూసుకొని విని, "పల్కింది" అనేదాన్ని. ఆరో తరగతి పిల్లకు అది ఎంత గొప్ప పదవో చెప్పలేను.

ఆ ఎండాకాలం మొదట్లోనే ఉస్తాద్ పోయాడు. చందానగర్ దగ్గర హైవే మీద ఆయన షాపు. మా షెడ్డుకు వచ్చినప్పుడల్లా అమ్మ చేతి పచ్చిపులుసు గిన్నెతో ఎత్తి తాగేవాడు. నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చేవాడు. కబురు వచ్చి నాయిన వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కోకుండా నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుండిపోయాడు.

"ఏమైందిరా?" అని నాయినమ్మ అడిగింది.

"రింగు" అన్నాడు నాయిన. "మొఖం మీద తువ్వాల కప్పిన్రు. నేను తీసి చూడలే" అన్నాడు.

మర్నాడే, రింగు ఎగిరినా పట్టి ఆపేందుకు, ఎక్కడి నుంచో లావుపాటి గొలుసు తెచ్చాడు. అప్పటి నుంచి చక్రం చుట్టూ ఆ గొలుసు మూడు చుట్లు బిగిస్తే తప్ప గాలి పెట్టేవాడు కాదు. నేను మాత్రం మిషను మొదలుకాగానే డ్రమ్ము వెనక్కి పరుగెత్తి, చెవులు మూసుకొని లెక్కపెట్టేదాన్ని. ఎంత వరకు లెక్కపెట్టినా మిషను ఆగేది కాదు. కళ్లు మూసుకుంటే తువ్వాల కనబడేది. దాని కింద ఏముందో కనబడేది కాదు. అదే ఎక్కువ భయంగా ఉండేది.

ఇంత భయంలోనూ కోతి పనులు మానలేదు. ఒక మధ్యాహ్నం నాయిన ట్యూబులు తేవడానికి పోయాడు, అమ్మ నీళ్లకు పోయింది, నాయినమ్మ కునుకు తీస్తోంది. కొక్కేలకు అయిదారు రింగులు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో గొంతుతో పలుకుతుంది కదా, అన్నీ కలిపి కొడితే ఎలా ఉంటుందోనని పానా తీసుకొని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కొట్టుకుంటూ పోయాను. చాలా బాగుంది. ఇంకా గట్టిగా కొట్టాను.

గుట్ట మీద అరుపులు వినిపించాయి. తిరిగి చూస్తే, కూలోళ్లంతా తట్టలు పారేసి కిందికి పరుగెత్తుతున్నారు. పేల్చే గంట అనుకున్నారు! చంకలో పసిపిల్ల ఉన్న ఒకామె నున్నటి బండ మీద జారి పడింది. పిల్లను గుండెకు అదుముకొని, మోచేతుల మీద జారుకుంటూ వచ్చింది. పిల్లకు ఏమీ కాలేదు. ఆమె మోచేతులు రెండూ తోలు లేచి ఎర్రగా అయ్యాయి. నా చేతిలో పానా చూసింది. తర్వాత నా ముఖంలోకి ఊరికే చూసింది.

నాయిన వచ్చాక ట్యూబు ముక్కతో కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. ఆ తర్వాత రింగు పలికిందా అని నన్ను అడగడం మానేశాడు. దారిన పోయే డ్రైవర్లు కూడా, "ఏం పిల్లా, ఇయ్యాల గంట కొట్టవా?" అని నవ్వేవారు. నోరు విప్పితే మళ్లీ ఏ తప్పు మీద పడుతుందోనని నేను మాట్లాడడమే తగ్గించాను.

వారం రోజులకు అది జరిగింది.

పొద్దున గుట్ట కింద ఒక టిప్పరు గుంతలో దిగబడితే, దాన్ని లాగడానికి మా గొలుసు కావాలని రాళ్ల పని సూపర్‌వైజరు మనిషిని పంపాడు. అడిగితే కాదనడానికి లేదు. మా షెడ్డు ఉన్న జాగా వాళ్ల పని చేసే జాగాలోకే వస్తుంది. ఆయన తియ్యమంటే తియ్యాలి.

పదకొండు గంటలకు గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు డ్రైవరు టిప్పరు ఆపాడు. నెమ్మదైన మనిషి. చిన్నా పెద్దా అందరినీ అండి అనే పిలిచేవాడు. వెనక చక్రం ట్యూబు చీరుకుపోయింది. రోడ్డు ఇరుకు. ఆ టిప్పరు కదిలితే గాని వెనక ఉన్నవి కదలవు. చూస్తుండగానే నాలుగు టిప్పర్లు ఆగాయి. హారన్లు మొదలయ్యాయి. నాయిన చక్రం విప్పి, రింగు లేపి, టైరు ఊడదీసి, వేరే ట్యూబు వేశాడు. రింగును కొక్కేనికి తగిలించి పానాతో కొట్టాడు.

థక్.

నేను పరదా దగ్గర నిలబడి ఉన్నాను. నాయిన నా వైపు చూడలేదు. మళ్లీ కొట్టలేదు. రింగు తీసి గాడిలో కూర్చోబెట్టి, సుత్తెతో చుట్టూ కొట్టసాగాడు. హారన్ల మధ్య ఆయనకు వినబడలేదనుకున్నాను. నాకు కూడా ఆ హారన్ల వల్లే అలా వినిపించిందేమో! చెబితే నవ్వుతారు. పిల్లను అదుముకొని జారిన ఆమె చూపు గుర్తొచ్చింది.

అంతలో సూపర్‌వైజరు మోటారు సైకిలు మీద దిగాడు. "ఏందిది? ఎంతసేపు? ఆడ మిషన్లు ఖాళీగ నిలవడ్డయి!"

"గొలుసు రావాలె సార్. మీ మనిషి కొంచవోయిండు" అన్నాడు నాయిన.

"గొలుసు లేకుంటే గాలి ఎక్కదా? జల్దీ కానియ్. లేకుంటే చెప్పు, షెడ్డు పీకిచ్చి ఆడ ఇంకొకన్ని కూసోవెడ్త."

నాయిన పైపు తీసుకొని వాల్వుకు తగిలించాడు. తాను టైరుకు పక్కగా జరిగి, నిలబెట్టిన చక్రాన్ని మోకాలితో ఆనుకొని నిలబడ్డాడు. మిషను మొదలైంది. నేను అలవాటు ప్రకారం డ్రమ్ము వెనక్కి పరుగెత్తాను. చెవులు మూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు. థక్ అన్న చప్పుడు చెవుల లోపలే ఉంది. మూసుకుంటే పోవడం లేదు. ఇరవై దాటేసరికి ఇక కూర్చోలేకపోయాను. ఎలా లేచానో, ఎటు నుంచి వచ్చానో తెలియదు.

"నాయినా! రింగు పల్కలే!"

సూపర్‌వైజరు నవ్వాడు. "గంట కొట్టి అందర్ని ఉరికిచ్చిన పోరి గిదేనా?"

నాయిన తలెత్తి చూశాడు. నేను ఉన్న చోటు చూశాడు. ఆయన ముఖంలోంచి రక్తమంతా ఎవరో తోడేసినట్టు అయింది. అంత భయం ఒక మగమనిషి ముఖంలో నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. "పక్కకు! పక్కకు జరుగు!" అని కేక పెడుతూనే పైపు పీకి, వంగి, వాల్వు పిన్ను ఊడదీశాడు. గాలి ఈలవేస్తూ బయటికి కొట్టింది. చక్రం పేలిందనుకొని ఆగిన టిప్పర్ల డ్రైవర్లు కిందికి దూకి పరుగెత్తారు. అమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి నన్ను వెనక్కి గుంజింది.

దుమ్ము సర్దుకున్నాక సూపర్‌వైజరు వచ్చి నాయిన చెంప మీద కొట్టాడు. నాయిన చెయ్యి ఎత్తలేదు. చెంప పట్టుకోలేదు కూడా.

"ఆగండి సార్" అని డ్రైవరు మధ్యలోకి వచ్చాడు. "పిల్ల అబద్ధమాడిందో నిజమే చెప్పిందో చూద్దామండి. ఆ చక్రం వేసుకొని బండి నడపాల్సింది నేనండి."

నాయిన మళ్లీ కడ్డీలు తీసుకొని రింగు ఊడదీశాడు. ఎప్పుడూ తడబడని ఆయన చేతులు ఆ రోజు రెండుసార్లు జారాయి. రింగును కొక్కేనికి తగిలించి, చిన్న పానా నా చేతికిచ్చాడు. "కొట్టు బిడ్డా."

అందరూ చూస్తున్నారు. ఆ క్షణంలో నాకు పట్టుకున్న భయం వేరు. ఇప్పుడు ఇది ఖంగుమని పలికితే? నాయిన తిన్న దెబ్బ నా వల్లే అవుతుంది. షెడ్డు పోతే నా వల్లే పోతుంది. నా జీవితంలో మొదటిసారి ఒక రింగు పలకకూడదని దేవుణ్ని మొక్కుకున్నాను.

కొట్టాను. థక్.

"తుప్పు పట్టిన ఇనుము గట్లనే అంటది" అన్నాడు సూపర్‌వైజరు.

నాయిన రింగును దించి రెండు రాళ్ల మీద పెట్టి, గుడ్డను డీజిల్‌లో ముంచి అంతా రుద్దాడు. తర్వాత పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. అమ్మ వైపు చూసి, "పిండి చల్లు" అన్నాడు. అమ్మ జొన్నపిండి తెచ్చి గుప్పిటతో పలచగా చల్లింది. రింగు తెల్లబడింది. నాయిన కింది నుంచి పానాతో మెల్లగా కొట్టాడు. అందరం వంగి చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత తెల్లటి పిండిలో ఒకచోట సన్నని నల్లగీత తడిగా పైకి తేలింది. ముందు వెంట్రుకంత. తర్వాత వేలెడంత. పగులులో దాగిన డీజిలు పిండిని తడుపుకుంటూ రింగు వెడల్పునా పాకింది.

డ్రైవరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. సూపర్‌వైజరు ఆ గీతను చాలాసేపు చూశాడు. "వేరే రింగు పంపిస్త" అని మాత్రం అని, మోటారు సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు. నాయినకు క్షమాపణ చెప్పలేదు. కాని ఒక గంటలో కొత్త రింగూ, మా గొలుసూ రెండూ వచ్చాయి.

ఆ రోజు అమ్మ చేసిన రొట్టెలు ఎవరమూ తినలేదు. నాయినమ్మ నాకు దిష్టి తీసింది. మర్నాడు డ్రైవరు వచ్చి నాకు మామిడి తాండ్ర ఇచ్చి, "మీ అమ్మాయి చెవులు బంగారమండి" అని నాయినతో అన్నాడు. నాయిన తల వంచుకొని సుత్తె పిడి బిగిస్తూ ఉండిపోయాడు. ఆ మాటకు మురిసిపోతాడనుకున్నాను. ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు.

వానలు వచ్చేసరికి మా వెనక గుట్ట లేదు. ఆ తర్వాత షెడ్డూ లేదు. చందానగర్‌లో ఉస్తాద్ షాపు ఖాళీగా ఉంటే మేము అక్కడికి మారాం. నాయిన అక్కడ స్కూటర్ల టైర్లే చూశాడు. లారీ చక్రం మళ్లీ ముట్టలేదు. నేను చదువుకొని, టీచరునై, పెళ్లి చేసుకొని, తిరిగి తిరిగి ఆ గుట్టలు లేని చోటికే వచ్చి కాపురం పెట్టాను. ఈ కథ నాలో నేను చెప్పుకున్నప్పుడల్లా ఒకటే అనుకునేదాన్ని. అందరూ నవ్వినా మా నాయిన నన్ను నమ్మాడు అని.

పోయినేడు వేసవిలో ఒక మధ్యాహ్నం చందానగర్ వెళ్లాను. నాయినకు ఇప్పుడు దగ్గరగా వచ్చి గట్టిగా చెబితే గాని వినబడదు. వరండాలో ఇద్దరమే ఉన్నాం. మాటల్లో ఆ రోజు సంగతి వచ్చింది. "నా మాట నమ్మి గాలి తీసేసినవ్ నాయినా. ఇంకొకరైతే నమ్మకపోదురు" అన్నాను.

ఆయన వీధిలోకి చూపు తిప్పాడు. వినబడలేదేమోనని మళ్లీ చెప్పబోయాను.

"నమ్ముడేంది బిడ్డా" అన్నాడు. "నేను గూడ ఇన్న. నీకంటె ముందుగాల ఇన్న."

నాకు అర్థం కాలేదు.

"రింగు పల్కలేదని నాకు ఎరుకే. ఎరుకుండే గాలి వెట్టిన. షెడ్డు పీకిస్తనన్నడు గద. ఉస్తాద్ మొఖం మీది తువ్వాల కంటె గా మాటకే ఎక్కువ భయపడ్డ. పోతే నేనొక్కన్ని పోత అనుకున్న. పక్కకే ఉన్న గద, ఏం గాదు అని గూడ అనుకున్న."

"మరి నేను అరవంగనే ఎందుకు తీసినవ్?"

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు డ్రమ్ము ఎన్కాల ఉన్నవనుకున్న. తల లేపి సూస్తే, రింగుకు నిండు ఎదురుంగ నిలవడ్డవ్. నా మొఖం నీకు కనవడాలెనని, అటే వచ్చి నిలవడ్డవ్."

ఇన్నేళ్లుగా ఆ రోజును ఎన్నిసార్లు తలుచుకున్నానో. సూపర్‌వైజరు నవ్వు, గాలి ఈల, పిండిలో గీత, అన్నీ గుర్తున్నాయి. నేను ఎక్కడ నిలబడ్డానన్నది మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. అప్పుడు తెలియని భయం ఆ వరండాలో, పట్టపగలు, వచ్చి నన్ను అందుకుంది. కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

నాయిన కుర్చీ దగ్గరకు జరుపుకొని రెండు చేతులూ చాపాడు. సుత్తె పట్టి గట్టిపడ్డ ఆ అరచేతులతో నా నుదురు, కళ్లు, ముక్కు, చెంపలు, గదవ మెల్లగా తడిమి చూశాడు. ఒకసారి చూసి, అన్నీ చోటనే ఉన్నాయా అన్నట్టు మళ్లీ మొదటి నుంచి చూశాడు. నేను కదలకుండా కూర్చున్నాను.